సగంలో ఆగిన మాట

ఫోన్ మళ్లీ ఆరిపోయింది.

ఈసారి త్రివేణి పద్దెనిమిది దాకా లెక్కపెట్టింది. తెర మీద కంపెనీ పేరు వెలిగింది, కింద చుక్కలు గిర్రున తిరిగాయి, తాళం తీసే గళ్లు కనబడబోయేంతలో అరచేతిలో చిన్నగా వణికి నల్లబడింది. ఎవరూ నొక్కకుండానే, దానంతటదే మళ్లీ వెలగడం మొదలుపెట్టింది.

"ఇగ సాలు. దాన్ని అవుతల పారెయ్," అంది బక్కమ్మ, గొర్రెపిల్లల దొడ్డి తడికను గట్టిగా పట్టుకొని.

"పారేస్తే ఆయన మాట ఎట్ల ఇంట అత్తమ్మా?"

"ఇన్నది సాలదా పిల్లా నీకు?"

త్రివేణి మళ్లీ తెర చూసింది. విన్నది సాలదు. విన్నదే ఎక్కువ కూడా.

తెల్లవారి ఐదూ నలభైకి వచ్చింది ఆ మెసేజ్. అచ్చంపేట అవతల గొర్రెల మందతో తిరుగుతున్న ఆమె భర్త పరశురాములు ఎప్పుడూ ఫోనే చేస్తాడు. తిన్నవా, బిడ్డ లేచిందా, గొర్రెపిల్లలకు పాలు సాలుతున్నయా అని నాలుగు మాటలు మాట్లాడి పెట్టేస్తాడు. ఇవాళ మాత్రం తన గొంతు రికార్డు చేసి పంపాడు. ఒక నిమిషం పన్నెండు సెకన్లు. త్రివేణి పొయ్యి ముందునుంచి లేచి, దొడ్డి వెనక్కు వెళ్లి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది; స్పీకర్ గట్టిగానే మోగింది.

"త్రివేణీ. ఎవల్లేని కాడికి వోయి ఇను. అమ్మకు జెప్పకు. బిక్షమ్మ వదినెకైతే అస్సలుకే జెప్పకు. నిన్న పొద్దుగూకినంక... నేను ఎల్లేశాన్ని..."

అక్కడ ఆగింది. మాట ఆగిందో మనిషి ఆగాడో అనుకొని తెర చూస్తే ఫోనే ఆరిపోయి ఉంది. మూడు రోజులుగా ఆ ఫోన్‌కు అదే జబ్బు. మొదట రోజుకు రెండుసార్లు ఆగి లేచేది. నిన్నటికి గంటకోసారి అయింది. ఇవాళ, మిగిలిన మాటకు ఆ ఫోనే దిక్కయిన ఇవాళ, లేచి నిలబడకుండానే పడిపోతోంది.

ఎల్లేశం పరశురాములుకు పెదనాన్న కొడుకు, తోడుగా మంద తోలుకెళ్లినవాడు. ఆ పేరు తర్వాత రావలసింది ఒక్క మాట. ఎల్లేశాన్ని ఊరికి పంపిన అంటాడా? ఎల్లేశాన్ని దవాఖానల ఏసిన అంటాడా? లేకపోతే...

ఆ మూడో మాటను త్రివేణి మనసులో కూడా పూర్తి చేయలేదు. ఆమె వెనకాల గొర్రెపిల్లకు పాలు పట్టడానికి వచ్చి నిలబడ్డ బక్కమ్మ మాత్రం పూర్తి చేసుకుంది. ముసలామె చేతిలో పాలసీసా జారి కింద పడింది. అప్పటినుంచి ఆమె కళ్లు ఒకచోట నిలవడం లేదు.

సిమ్ తీసి బక్కమ్మ బటన్ ఫోన్‌లో వేసి పరశురాములుకు చేశారు. స్విచాఫ్. ఎల్లేశానికి చేశారు. అదీ స్విచాఫ్. ఎనిమిదింటిదాకా పదిహేనుసార్లు చేశారు. అదే ఆడగొంతు అదే మాట చెప్పింది.

"కార్తీకంల పంచాయితీల వాడు ఏమన్నడో యాదికి లేదా నీకు?" బక్కమ్మ గొంతు తగ్గించింది. "నలుగురి ముంగట అన్నడు. ఎల్లేశాన్ని నేను ఇడువ అన్నడు. గా మాట ఊరంత ఇన్నది."

ఎల్లేశం తన మందకు నీలినాలుక రోగం తగిలిన సంగతి దాచి, రెండు మందలూ కలిపి తోలాడు. పదిహేను రోజుల్లో పరశురాములు మందలో ఇరవై రెండు తల్లిగొర్రెలు నురుగు కక్కి పడిపోయాయి. వాటిని పూడ్చిన రోజు పరశురాములు అన్నం ముట్టలేదు. పెద్దమనుషులు ఇద్దరి చేతులూ కలిపించి, ఒంటిమనిషితో వలస కాదని మళ్లీ ఇద్దరినీ కలిపే పంపారు. కలిసింది చేతులే.

"నీకు దండం పెడత బిడ్డా. గా ఫోన్‌ను రాయి మీద పెట్టి పలగ్గొట్టు. నువ్వు ఇనలేదు, నేను ఇనలేదు."

"ఆయన ఏమన్నడో తెల్వకుండ నేనెట్ల ఉండాలె?"

"తెలిస్తె ఉండగల్గుతవా?"

వాకిట్లో గాజుల చప్పుడైంది. ఇద్దరూ తలలు తిప్పారు.

బిక్షమ్మ నిలబడి ఉంది. ఎల్లేశం భార్య. రెండిళ్ల మధ్య ఒక్క గోడే అడ్డం. కార్తీకం నుంచి ఆ గోడ మీదుగా కూరా మారలేదు, మాటా మారలేదు. త్రివేణి కాన్పుకు మూడు రోజులు దవాఖాన వరండాలో కూర్చున్నది ఈ బిక్షమ్మే. ఈ మూడు నెలల్లో ఆమె ఈ వాకిట అడుగుపెట్టడం ఇదే మొదలు.

"మర్ది ఫోన్ జేసిండా?" అని అడిగింది.

 దొడ్డిలో ఒక పిల్ల తల్లికోసం అరిచింది.

"లేదు," అంది బక్కమ్మ.

"మా ఆయనది స్విచాఫ్ వస్తాంది. మీదీ గంతే అనుకుంట." బిక్షమ్మ చూపు త్రివేణి చేతి మీద ఉంది. "ఫోన్ ఖరాబైందా?"

"ఊకె ఆగి ఆగి లేస్తాంది అక్కా. నకిరేకల్ వోయి చూపిచ్చుకొస్త."

"నేనొస్త పా."

"నీకెందుకు తిప్పలు?" అంది బక్కమ్మ వెంటనే.

"ఇంట్ల కూసుంటే బుగులైతాంది చిన్నత్తా. పోతే నాలుగు ముచ్చట్లు దెలుస్తయి."

కాదనడానికి కారణం దొరకలేదు. చెప్పులేసుకుంటున్న కోడలి దగ్గరికి వచ్చి, తన చంకలోని మనవరాలి తల దువ్వుతున్నట్టు వంగి, బక్కమ్మ చెవిలో అంది: "ఏం ఇన్నా నీ కడుపులనే పెట్టుకో. వాడు ఒక్క నా కొడుకే కాదు, నీ బిడ్డకు నాయిన."

ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మాఘమాసపు చలిగాలి ముఖాన కొడుతోంది. త్రివేణి కొంగుముడిలో ఉన్న ఫోన్ నిమిషానికి రెండు మూడుసార్లు వణుకుతూ, ఆరుతూ, వెలుగుతూ ఉంది. కడుపు మీద ఏదో ప్రాణి కొట్టుకుంటున్నట్టుంది.

"పొద్దుగాల దొడ్డికాడ ఎవరిదో మొగ గొంతు ఇనవడ్డది," అంది బిక్షమ్మ, రోడ్డు వైపే చూస్తూ.



"అత్తమ్మ పిల్లలను అదిలిచ్చింది."

"మొగ గొంతు అంటున్న."

"ఏమో అక్కా. నాకు ఇనవడలే."

బిక్షమ్మ మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది త్రివేణికి. 

బస్టాండు ఎదురుగా ఉన్న పెద్ద దుకాణంలో కుర్చీలో కూర్చున్నాయన ఫోన్ అటూ ఇటూ తిప్పాడు. పిన్ను పెట్టి చూశాడు. పక్క బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకున్నాడు. నల్లతెర మీద సన్నని అక్షరాలు వచ్చాయి.

"సాఫ్ట్‌వేర్ వోయిందమ్మా. మొత్తం ఎగరగొట్టి కొత్తగ ఎక్కియ్యాలె. అర్ధగంటల అయితది."

"ఎగరగొడితే?"

"కొత్త ఫోన్ లెక్క అయితది. ఫోటోలు, మెసేజ్‌లు ఏముండయి. ఒప్పుకుంటే చేస్త."

త్రివేణి గుండె ఒక్కసారి తేలికైంది. ఆ తేలికకు ఆమెకే భయమేసింది. అవునంటే చాలు. ఎవరూ ఆమెను తప్పుపట్టరు. ఫోన్ బాగుచేయించడానికి వెళ్లింది, దుకాణపాయన తుడిచేశాడు. అత్తమ్మ గుండె కుదుటపడుతుంది. పరశురాములు వచ్చాక ఏం చెబుతాడో అదే నిజం అవుతుంది.

వస్తే కదా.

"చేయమంటరా?" దుకాణపాయన వేలు బటన్ మీదే ఉంది.

బిక్షమ్మ తనవైపే చూస్తోందని త్రివేణికి చూడకుండానే తెలిసింది.

"వద్దన్నా. ఇయ్యి," అని ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

బయటికి వచ్చి అరుగు దగ్గర నిలబడింది. బిక్షమ్మ నెమ్మదిగా అడిగింది. "అందుల అంత ఏమున్నది త్రివేణీ?"

"బిడ్డ ఫోటోలున్నయక్కా."

రెండో అబద్ధం మొదటిదానికంటే సులువుగా వచ్చింది.

రెండో దుకాణం మెట్ల కింద చిన్న గది. పేరుకు బోర్డు కూడా సరిగా లేదు. లోపల ఒక బల్ల, బల్లమీద దీపం, దీపం కింద భూతద్దం, దాని వెనక ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల అమ్మాయి. పేరు రూప. హైదరాబాదులో పని నేర్చుకొని వచ్చిందని, సర్వీస్ సెంటర్ వాళ్లు వదిలేసినవి కూడా లేపుతుందని ఆటోడ్రైవర్ చెప్పాడు.

రూప ఫోన్‌ను వెంటనే ముట్టలేదు. ముందు అడిగింది.

"ఎన్నొద్దుల సంది అక్కా?"

"మూడొద్దులు."

"కింద వడ్డదా? నీళ్లల్ల వడ్డదా?"

"లేదు. నడుముకు చెక్కుకుంట. గొర్లకాడ, పొయ్యికాడ అన్నిటికీ నాతోనే ఉంటది."

"చార్జింగ్ పెడితే ఆగుతదా, లేకుంటే అప్పుడు గూడ గిట్లనేనా?"

"అప్పుడు గూడ."

రూప ముందు రబ్బరు కవర్ ఊడదీసింది. పక్కనున్న బటన్ మీద గోరుతో నొక్కింది. చెవి దగ్గర పెట్టుకొని మళ్లీ నొక్కింది.

"టిక్కుమంటలేదు. లోపటికి వోయి అట్లనే ఇరుక్కున్నది. బటన్‌ను ఎవరో ఒత్తి పట్టుకున్నట్టు అనుకుంటది ఫోన్. పది సెకన్లు ఒత్తి పడితే ఏ ఫోన్ అయినా ఆగి లేస్తది. గందుకే ఇది ఆగుతాంది, లేస్తాంది. సాఫ్ట్‌వేర్ మంచిగనే ఉన్నట్టుంది. ఇప్పి చూడాలె." తలెత్తి సూటిగా అడిగింది. "లోపటున్నదంత కావాల్నా, ఫోన్ నడిస్తే సాలునా? నడిస్తే సాలంటే నా పని అల్కగైతది."

గది చిన్నది. బిక్షమ్మ భుజం త్రివేణి భుజానికి తగులుతోంది. ఆమె కొంగు నుంచి పొగవాసన వస్తోంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, కడుపులో చప్పుడు త్రివేణికి వినబడింది. కాన్పునాడు దవాఖాన వరండాలో కూడా ఈమె ఇట్లాగే తిండీ నీళ్లూ మాని కూర్చుంది.

"లోపటున్నది కావాలె," అంది త్రివేణి. తర్వాత బిక్షమ్మ వైపు తిరిగింది.  "ఫోటోల కోసం కాదక్కా. నేను అబద్ధమాడిన. తెల్లారంగ మీ మర్ది మాట పంపిండు. బావ గురించి. సగం ఇన్నంక ఫోన్ ఆగింది. మిగిలిన సగం ఏమున్నదో నాకు తెల్వదు. ఇద్దరం ఇందాం."

బిక్షమ్మ ముఖంలో కోపం రాలేదు. ఆశ్చర్యం కూడా రాలేదు. పెదవులు మాత్రం బిగుసుకున్నాయి.

"నీ బావ గురించి ఏమన్నడు?"

"నీకు జెప్పొద్దన్నడు."

రూప ఇద్దరినీ ఒక్కసారి చూసి తల వంచుకుంది. వేడిగాలి మిషన్ పెట్టి ఫోన్ వెనకభాగం మెత్తపరిచింది. సన్నని రేకు దూర్చి అంచు వెంబడి తిప్పింది. మూత ఊడింది.

"అమ్మో," అంది.

బ్యాటరీ పొంగి ఉంది. ఉబ్బిన రొట్టెలా మధ్యలో లేచి, పక్కనున్న బటన్ పట్టీని అంచుకు నొక్కేస్తోంది. బటన్ కింద చెమట, పిండి, దుమ్ము కలిసి పచ్చని తుప్పు పట్టింది.

"ఇది నడుముకు చెక్కుకోని తిరుగుతున్నవా అక్కా? పలిగితే పేగులు కాలుతుండె."

త్రివేణికి ఆ మాట చెవికెక్కలేదు. "మాట ఉంటదా?" అని మాత్రం అడిగింది.

"బ్యాటరీల మాటలుండయి. మాటలు బోర్డుల ఉంటయి. బోర్డు మంచిగుంటే అన్నీ ఉంటయి."

రూప బ్యాటరీ తీగ విప్పి, దాన్ని ప్లాస్టిక్ రేకుతో మెల్లగా పెకలించి, ఇసుక డబ్బాలో పెట్టి దూరంగా జరిపింది. కరెంటు మిషన్ నుంచి ఎర్రతీగ, నల్లతీగ తెచ్చి బోర్డుకు పట్టించింది. బటన్ పట్టీని పూర్తిగా ఊడదీసింది. సన్న పట్టకారు కొనతో బోర్డు మీది రెండు చుక్కలను తాకించింది.

తెర వెలిగింది. కంపెనీ పేరు. చుక్కలు.

త్రివేణి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది. పదిహేను. పద్దెనిమిది దగ్గర కళ్లు మూసుకుంది. ఇరవై. ఇరవై ఐదు.

"తాళం తియ్యక్కా," అంది రూప.

కళ్లు తెరిచేసరికి గళ్లు కనిపిస్తున్నాయి. మొదటిసారి తప్పు గీసింది. రెండోసారి తెరుచుకుంది. ముప్పై అయింది, నలభై అయింది, ఫోన్ ఆరలేదు. ఇన్ని రోజులూ ఆగిపోతుందని భయపడింది. ఇప్పుడు ఆగడం లేదని భయమేసింది.

"నేను బయటికి వోవాల్నా?" అని అడిగింది రూప.

"ఉండు చెల్లె. తీగలు జారితె మాకు రాదు," అంది బిక్షమ్మ.

త్రివేణి నొక్కింది. పరశురాములు గొంతు ఆ చిన్నగదిలో నిండింది.

"త్రివేణీ. ఎవల్లేని కాడికి వోయి ఇను. అమ్మకు జెప్పకు. బిక్షమ్మ వదినెకైతే అస్సలుకే జెప్పకు. నిన్న పొద్దుగూకినంక... నేను ఎల్లేశాన్ని కొట్టిన."

బిక్షమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"కట్టెతోని కొట్టిన. మూడు గొర్లు మల్ల సొల్లు గారుస్తున్నయి. ముందుగాల ఎందుకు జెప్పలే అని అడిగిన. నవ్విండు. గా నవ్వుకు నాకు సోయి దప్పింది. ఒక్కటే దెబ్బ త్రివేణీ. నెత్తిమీద. కింద వడ్డడు. నేను నీళ్లకు కుంట కాడ్కి ఉరికిన. మర్లొచ్చి చూస్తే లేడు. నెత్తురున్నది, మనిషి లేడు. తెల్లారేదాక తిరిగిన. పిలిచిన. ఏ బాయిల వడ్డడో. నేను మనిషిని సంపిన త్రివేణీ." చాలాసేపు గాలి చప్పుడు, ఒక గొర్రె దగ్గు. "గీ చేతులతోని ఇంటికి ఎట్లొస్త. బిడ్డను మంచిగ చూస్కో. నా కోసం దేవులాడకు."

అంతే. తర్వాత తెర మీద గీత చివరిదాకా వెళ్లి ఆగింది.

రూప పట్టకారు బల్లమీద పెట్టింది. దాని చప్పుడు కూడా పెద్దగా వినిపించింది.

త్రివేణి బిక్షమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.  తన మొగుడు ఈమె మొగుణ్ని చంపాడు. ఆ మాట తనే వినిపించింది. "అక్కా," అంది. "అక్కా. కొట్టు నన్ను. ఏమన్న అను."

బిక్షమ్మ బయటికి నడిచింది. మెట్ల మీద కూర్చొని చెంగుతో ముఖం తుడుచుకుంది. త్రివేణి వెనకే వచ్చి నిలబడింది. ఎదురుగా బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. పల్లీలమ్మే ఆమె బేరం చేస్తోంది. లోకానికేమీ కానట్టే ఉంది.

"నీ బావ బతికే ఉన్నడు," అంది బిక్షమ్మ.

త్రివేణికి వెంటనే అర్థం కాలేదు.

"ఏడింటికి ఎవరిదో నంబర్ నుంచి ఫోన్ జేసిండు. సోయి వచ్చినంక లేసి రోడ్డెక్కిండట. లారీ ఆయన అచ్చంపేట దవాఖానల దించిండట. నెత్తికి ఆరు కుట్లు. ఆయన ఫోన్ చీకట్ల ఏడనో వడ్డది."

"బతికే ఉన్నడా బావ?" త్రివేణి ఆమె రెండు చేతులూ పట్టుకొని ఏడ్చింది. "బతికే ఉన్నడా అక్కా? మంచిగ మాట్లాడుతుండా?"

ఆ ఏడుపు చూసి బిక్షమ్మ ముఖం తిప్పుకుంది. తన మొగుడు బతికినందుకు ఎవరైనా ఇట్లా సంతోషపడతారని ఆమె అనుకొని రాలేదు.

ఏడుపు మధ్యలోనే త్రివేణి ఆగింది. చేతులు వదిలేసింది.

"ఏడింటికా?"

"ఊఁ."

"ఇప్పుడు ఒంటిగంట అయితాంది. ఆయన చేసిండేమో అని అడగనీకి మా ఇంటికి వచ్చినప్పుడు నీకు ఎరుకేనా? ఆటోల గూసున్నప్పుడు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరెందుకు జెప్పలే?"

"జెప్పొద్దన్నడు. ఠాణాకు వోయి కేసు వెడత, నేను బతికున్నట్టు వాళ్లకు తెలిస్తె వాడు మందను దోలుకొని పారిపోతడు అన్నడు. వాడు ఇంటికి ఏమన్న జెప్పిండేమో అరుసుకొని రా అన్నడు." బిక్షమ్మ గొంతు గరుకెక్కింది. "నాదీ మొగడే గద త్రివేణీ. ఆయన నెత్తి పలిగింది. నువ్వు జెప్పినవా నాకు? మొగ గొంతు ఇనవడ్డదంటే పిల్లలను అదిలిచ్చింది అన్నవు."

 పొద్దున్నుంచి ఒక్కొక్క కొంగులో ఒక్కొక్క సగం ముడేసుకొని, ఇద్దరూ పక్కపక్కన కూర్చొని వచ్చారు.

"ఆయనకు తెల్వదు అక్కా," అంది త్రివేణి. "బావ లేడనుకుంటుండు. సంపిననుకుంటుండు. దేవులాడకు అన్నడు, ఇన్నవు గద. దేవులాడకు అంటే ఏంది అర్థం?"

బిక్షమ్మకు అప్పుడు అర్థమైంది. లేచి నిలబడింది. ఆమె కళ్లలో మొదటిసారి భయం కనిపించింది. అది తన మొగుడి కోసం కాదు.

"ఫోన్ జెయ్యి. జల్ది."

రూప అప్పటికే పాత బ్యాటరీ ఒకటి వెతికి పెట్టింది, బటన్ తుప్పు బ్రష్‌తో తోమింది, మూతకు బదులు టేపు చుట్టింది. "రెండొద్దులు నడుస్తది. ఇప్పుడైతే తీస్కపో అక్కా," అంది. కొంగున ముడేసుకొచ్చిన సిమ్ దాంట్లో వేసి పరశురాములుకు చేస్తే మళ్లీ స్విచాఫ్. బిక్షమ్మ ఫోన్ తన చేతిలోకి తీసుకుంది.

"మాట పంపేది ఏది? ఇదా?"

త్రివేణి చూపించింది. బిక్షమ్మ దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకొని, బావిలోకి అరిచినట్టు అరిచింది. "మర్దీ, నేను బిక్షమ్మను. మీ అన్న బతికే ఉన్నడు. ఆరు కుట్లు వడ్డయి, గంతే. బతికే ఉన్నడు. ఇంటికి రా."

పక్కన ఒకే ఒక టిక్కు పడింది. మాట ఇక్కడినుంచి పోయింది, అక్కడికి చేరలేదు.

అచ్చంపేట దారి పట్టడానికి దేవరకొండ బస్సు కోసం నిలబడ్డారు. త్రివేణి ఆ టిక్కునే చూస్తూ నిలబడింది. తెర మసకబారితే మళ్లీ ముట్టుకుంటోంది. బిక్షమ్మ పల్లీలు కొని ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ తినలేదు. పది నిమిషాలు గడిచాయి. బస్సు మలుపు తిరిగి వస్తుండగా, ఆ ఒక్క టిక్కు పక్కన ఇంకొకటి పడింది.

"ఫోన్ లేచింది అక్కా!"

మోగింది. రెండుసార్లు, మూడుసార్లు. ఎత్తారు.

"ఎవలమ్మా?" ఎవరో పెద్దామె గొంతు, కోపంగా. "గీ గొర్లు మీవేనా? మా పల్లిచేన్ల వడి సగం మేసినయి! కాపరి అనేటోడు ఉండడా?"

"ఆయన లేడా అక్కడ?" అంది త్రివేణి. "మంద కాడ మనిషి లేడా?"

"ఉంటే నీతోని ఎందుకు మాట్లాడుత? గొంగడున్నది. సద్దిమూటున్నది. మూట మీద గీ ఫోన్ పెట్టున్నది, ఎవలిదో తెలుసుకుందామని ఇప్పుడే ఆన్ జేసిన. కుక్క మొరుగుతాంది. మనిషి లేడు."

గొర్లను వదిలి పరశురాములు పక్కచేనుకు కూడా పోడు. జ్వరమొచ్చినా వాటి మధ్యనే పడుకుంటాడు.

"అమ్మా, దగ్గర కుంట ఉన్నదా? నీళ్లున్నయా అందుల?"

అవతల కోపం ఆగిపోయింది.

"ఉన్నది... ఎందుకు బిడ్డా?"

"నీ కాళ్లు మొక్కుత. జర పోయి చూడు. ఫోన్ పెట్టెయ్యకు."

పరుగు చప్పుడు. ముసలి ఊపిరి. మొక్కలు కాళ్లకు రాసుకుంటున్న చప్పుడు. బస్సు వచ్చి ఆగింది, కండక్టర్ అరిచాడు, ఎవరో తోసుకుంటూ ఎక్కారు. ఇద్దరూ కదలలేదు. బిక్షమ్మ తన చెవి కూడా ఫోన్‌కు ఆనించింది. ఇద్దరి చెంపలూ తగులుతున్నాయి.

"బిడ్డా," అంది ఆ గొంతు, రొప్పుతూ. "మోకాళ్ల లోతు నీళ్లల్ల మనిషి నిలవడ్డడు. పిలిస్తే మర్లి చూస్తలేడు."

"ఫోన్ తీస్కపో అమ్మా! ఆయన చెవుకాడ వెట్టు! దగ్గరికి వోయి వెట్టు!"

నీళ్లు చిందిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు అడుగులు. తర్వాత ఇంకొక ఊపిరి. ఆ ఊపిరిని త్రివేణి వెయ్యిమందిలో గుర్తుపడుతుంది. మాట్లాడాలని నోరు తెరిచింది. ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

బిక్షమ్మ ఫోన్ అందుకుంది.

"మర్దీ! నేను బిక్షమ్మను. మీ అన్న బతికే ఉన్నడు. నేను మాట్లాడిన ఆయనతోని. నా బిడ్డల మీద ఒట్టు, బతికే ఉన్నడు. నీళ్లల్లకెల్లి బయటికి రా."

 తర్వాత నీళ్లు కదిలాయి. కూలబడ్డట్టు, బురదలో ఎవరో మోకాళ్లమీద పడ్డట్టు చప్పుడైంది. పెద్దామె "పట్టుకున్న బిడ్డా, పట్టుకున్న" అంటోంది.

ఆ చప్పుళ్ల మధ్య నుంచి, పాతాళం నుంచి వచ్చినట్టు పరశురాములు గొంతు వచ్చింది.

"వదినె... ఏడున్నడు ఎల్లేశం? నేను వోయి ఆయన కాళ్ల మీద వడత. ఏడున్నడో జెప్పు."

బిక్షమ్మ నోరు తెరిచింది. చెప్పలేదు. ఫోన్ పట్టుకొని అట్లాగే త్రివేణి ముఖంలోకి చూసింది. ఎల్లేశం ఈపాటికి ఠాణాలో కూర్చొని, కుట్లు చూపిస్తూ, పరశురాములు పేరు రాయిస్తూ ఉంటాడని ఇద్దరికీ తెలుసు.

"వదినె," అని మళ్లీ పిలిచింది ఆ గొంతు. "ఇనవడుతాందా?"

వాళ్ల ముందు నుంచి దేవరకొండ బస్సు కదిలింది.